చెరువుకి వీపు పెట్టిన ఫోటో క్లాసు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నేర్చుకునేవాడికీ నేర్పేవాడికీ మధ్య తేడా మహా అయితే రెండు చాప్టర్లు. దాన్ని ఎవరూ తప్పుగా అనుకునేవారు కాదు. పోయిన నెల వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్నవాడు ఈ నెల మార్కరు పుచ్చుకుని బోర్డు ముందు నిలబడేవాడు. వాడి దగ్గర నోట్సు రాసుకున్నవాడు వచ్చే నెల పక్క సందులో ఇంకో బోర్డు ముందు తేలేవాడు. నేనూ అలా తేలినవాణ్ణే. తెనాలి పక్క పల్లెటూరి నుంచి బీఎస్సీ పట్టా, ఒక ట్రంకుపెట్టె, మా అమ్మ పెట్టిన కందిపొడి డబ్బా పట్టుకుని వచ్చి, మధురానగర్ హాస్టల్లో ఓ మంచం సంపాదించి, సీ ప్లస్ ప్లస్ నేర్చుకుని, ఉద్యోగం దొరక్క, నేర్చుకున్న చోటే దాన్ని నేర్పడం మొదలుపెట్టాను. నన్ను ‘ఫ్యాకల్టీ’ అనేవారు. ‘లెక్చరర్ ఉద్యోగమా?’ అని మా నాన్న ఫోన్లో అడిగితే ‘అలాంటిదే’ అన్నాను. (ఆ వయసులో నేను ఇంటికి చెప్పిన విషయాలన్నిటికీ ‘అలాంటిదే’ అన్న మాటే మూలస్తంభం.)

ఇంతలో అమెరికాలో ఏదో జరిగిందన్నారు. ఏం జరిగిందో మాలో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు కానీ, అక్కడ జరిగిన దానికి ఇక్కడ మా మూడో అంతస్తులో బెంచీలు ఖాళీ అయ్యాయి. ఉదయం ఏడు గంటల బ్యాచికి అరవై మంది వచ్చే చోట తొమ్మిది మంది వచ్చారు, తర్వాత నలుగురు, ఆ తర్వాత ఓ రోజు ఎవరూ రాలేదు. ఆ రోజు మా డైరెక్టరు గారు (ఆయనే ఓనరు, ఆయనే రిసెప్షను, కరెంటు పోతే జనరేటరు తాడు లాగేదీ ఆయనే) నన్ను గదిలోకి పిలిచారు. ఆయన ముందు నా రెజ్యూమె ఉంది. తీసెయ్యడానికే పిలిచారనుకుని నిలబడే ఉన్నాను.

“కూర్చో. నీ హాబీ ఏంటి?” అన్నారు.

“క్రికెట్టు సార్.”

“మరి ఇందులో ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రఫీ అని ఉందేంటి?”

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెజ్యూమె మా రూమ్మేటుది. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందంటే అందులో ఏదో మహిమ ఉందని దాన్ని కాపీ చేసుకుని, పేరు, మా నాన్న పేరు, మార్కులు మార్చాను. చివరి లైను దాకా వెళ్ళే ఓపిక లేకపోయింది. వాడైనా జన్మలో కెమెరా పట్టుకున్నాడా అంటే అనుమానమే.

“అదీనూ సార్,” అన్నాను.

“నాకు తెలుసు. అందుకే పిలిచాను,” అని ఆయన ఒక పాంప్లెట్టు నా ముందు పెట్టారు. ‘నీటి ఒడ్డున ప్రకృతి ఫోటోగ్రఫీ. కంపోజిషన్, లైటింగ్ మెళకువలు. నాలుగు ఆదివారాలు. అనుభవజ్ఞుడైన ఫ్యాకల్టీ.’ పొద్దున వస్తూ మెట్ల గోడ మీద దాన్ని చూశాను. ఎవరో పాపం ఈ అనుభవజ్ఞుడు, ఈ గడ్డు రోజుల్లో పని దొరికింది, అదృష్టవంతుడు అని కూడా అనుకున్నాను.

“ఉద్యోగాల్లేనప్పుడు జనం ఏం చేస్తారు? హాబీలు పెంచుకుంటారు. ఇప్పటికే ముగ్గురు చేరారు,” అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, “నెలాఖరుకి కర్నూలు నుంచి ఒకాయన వస్తున్నారు. మన బ్రాంచి అక్కడ పెడతానంటున్నారు. ఆయన లోపలికి అడుగుపెట్టేసరికి ఎదురుగోడ మీద ఇంత పెద్ద ఫోటో ఉండాలి. చెరువూ, సూర్యోదయం, అలాంటిది. మా ఫ్యాకల్టీ తీసిందని చెప్పుకోవాలి. ఆయన సరేనంటే మనందరం ఉంటాం. లేదంటే నాకూ కష్టమే, నీకూ కష్టమే,” అన్నారు.

నాకు కష్టం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మా మేనమామ ఎరువుల దుకాణంలో బస్తాల పక్కన ఒక కుర్చీ నా కోసం రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. పండక్కి వెళ్ళినప్పుడల్లా మా మావయ్య దాని మీద దుమ్ము దులిపి నావైపు చూసేవాడు. అందుకని కెమెరా పట్టుకోవడం రాదని చెప్పలేకపోయాను. సరేనన్నాను. ఆయన సంతోషించి, పాఠం చెప్పుకోవడానికి ఒక పుస్తకం ఇచ్చారు. నీటి ఒడ్డున ఫోటోలు తియ్యడం ఎలాగో చెప్పే ఇంగ్లీషు పుస్తకం అది. అసలు పుస్తకం కాదు, జిరాక్సు కాపీ. మా వీధిలో పుస్తకమంటే జిరాక్సే కాబట్టి నేనేమీ అనుమానించలేదు. హాస్టలుకి వెళ్ళి తెరిచాక అసలు సంగతి తెలిసింది. జిరాక్సు మిషనులో పడి ఫోటోలన్నీ నల్లటి డబ్బాలైపోయాయి. పేజీకి రెండు డబ్బాలు, కింద వివరణ. ‘నీటి మీద పడిన బంగారు వెలుగు ఈ చిత్రానికి ఎంత ప్రాణం పోసిందో గమనించండి’ అని ఉంటే పైన బొగ్గు. ‘పై చిత్రంతో దీన్ని పోల్చి తేడా గుర్తించండి’ అని ఉంటే ఇంకో బొగ్గు. నేను నిజంగానే పోల్చాను. దీపం కిందకి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుని కూడా చూశాను. రెండో బొగ్గులో ఒక మూల కాస్త బూడిద రంగు కనిపిస్తే అదే ఆకాశమని నమ్మి అండర్‌లైను చేసుకున్నాను.

కెమెరా కోసం పంజగుట్ట సందులో ఉన్న ఒక ఫోటో స్టూడియోకి వెళ్ళాను. పాస్‌పోర్టు ఫోటోలు అక్కడే తీయించుకున్న పరిచయం. ఆ స్టూడియో భాయ్‌కి యాభై ఏళ్ళుంటాయి. పెళ్ళిళ్ళు తీసీ తీసీ, ఎవరిని చూసినా ముందు గడ్డం కాస్త పైకెత్తమనే మనిషి. సంగతంతా విని, తన పాత కెమెరా ఒకటి బయటికి తీశాడు. వెలుగు ఎంతుందో చూపించే సూది అందులో ఎప్పుడో చచ్చిపోయిందట.

“ఫికర్ చెయ్యకు, అన్నా. సూది లేకున్నా నడుస్తది. గిది కన్ను లెక్క. వెల్తురు ఎక్కువుంటే కన్ను చిన్నగ చేస్తం గద, గట్లనే. గీ నంబర్ పెద్దగ పెట్టినవనుకో, రంధ్రం చిన్నగయితది.”

“నంబర్ పెద్దదైతే రంధ్రం పెద్దదవ్వాలి కదా భాయ్?”

“కాదు. చిన్నగయితది.”

“ఎందుకు?”

భాయ్ కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. “ఎందుకంటే ఏం చెప్త? తయారు చేసినోళ్ళు గట్ల చేసిండ్రు,” అన్నాడు. ఇంకో నంబరు ఉంది, అది పెద్దదైతే తలుపు త్వరగా మూసుకుంటుంది. ఒకటి ఎక్కువైతే తక్కువ, ఇంకోటి ఎక్కువైతే ఇంకా తక్కువ. మొదటి రోజే పాయింటర్లు అర్థం కాని నా స్టూడెంట్ల ముఖాలు ఎలా ఉండేవో, ఆ కౌంటరు అద్దంలో నా ముఖం అలా ఉంది. నా అవస్థ చూసి భాయ్‌కి జాలేసినట్టుంది. “జర ఒక్కటి యాదుంచుకో. సూర్యుడు ఎప్పుడూ నీ వీపు దిక్కు ఉండాలె. అంతే. ఇగ నీకు తిరుగులేదు,” అన్నాడు. మొత్తం పాఠంలో నాకు అర్థమైన వాక్యం అదొక్కటే. దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

మొదటి ఆదివారం తెల్లవారుతుండగా నెక్లెస్ రోడ్డు మీద, చెరువు ఒడ్డున కలుసుకున్నాం. ముగ్గురు స్టూడెంట్లు. ఒకావిడ పంజగుట్టలో ఒక బ్యాంకులో పని చేసేది, ఆవిణ్ణి మేడమ్ అనేవాణ్ణి. రెండోవాడు కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రవాడు. బోర్డు మీద ‘ఫోటో’ వరకే చదివి, ఇది ఫోటోలకి రంగులు దిద్దే సాఫ్ట్‌వేరు కోర్సు అనుకుని చేరాడు. నాలుగు వారాలూ “సార్, సాఫ్ట్‌వేర్ ఎప్పుడు షురూ చేస్తరు?” అని అడుగుతూనే ఉన్నాడు. మూడో ఆయన అరవై దాటిన పెద్దమనిషి. తెల్ల చొక్కా, తోలు సంచిలో కెమెరా, జేబులో రెండు పెన్నులు. నీటి పారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారట.

“ముప్ఫై ఏళ్ళు ప్రాజెక్టుల మీదే పని చేశాను, మాస్టారూ. రిజర్వాయర్ల ఫోటోలన్నీ మా ఆఫీసు తరఫున నేనే తీసేవాణ్ణి. ఇప్పుడు పద్ధతిగా నేర్చుకుందామని వచ్చాను,” అన్నారు.

ముప్ఫై ఏళ్ళు నీళ్ళని ఫోటో తీసిన మనిషికి, మూడు రోజులుగా బొగ్గు డబ్బాలు చూస్తున్న నేను పాఠం చెప్పాలి. నన్ను ఆట పట్టించడానికి వచ్చారేమో అనుకున్నాను. డైరెక్టరు గారే పరీక్ష చెయ్యడానికి పంపారేమో అని కూడా అనుకున్నాను. ఏదైతే అదయిందని గొంతు సవరించుకుని నాకు వచ్చిన ఒక్క ముక్కా చెప్పాను: సూర్యుడు ఎప్పుడూ మన వీపు వైపు ఉండాలి. అందరూ తలూపారు. అందరం వీపులు తిప్పాం. అప్పుడు చూస్తే, నెక్లెస్ రోడ్డు మీద పొద్దున పూట సూర్యుడు చెరువు అవతల, ట్యాంక్‌బండ్ వైపు నుంచి వస్తాడు. వీపు సూర్యుడికి పెడితే చెరువుకి కూడా పెట్టినట్టే. నీటి ఒడ్డున ప్రకృతి ఫోటోగ్రఫీ మొదటి క్లాసులో మేం నలుగురం చెరువుకి వీపు పెట్టి, వరుసగా నిలబడి, ఎదురుగా ఉన్న రైలు పట్టాలని శ్రద్ధగా ఫోటోలు తీశాం. పొద్దున నడకకి వచ్చినవాళ్ళు కొందరు ఆగి, మేం చూస్తున్న వైపు చూసి, ఏమీ కనపడక, మళ్ళీ నడిచారు.

“చెరువుని ఎప్పుడు తీస్తాం సార్?” అంది బ్యాంకు మేడమ్.

“ముందు పునాది పడాలి మేడమ్,” అన్నాను. ఇంజనీరు గారు ఆ ముక్క కూడా నోట్సులో రాసుకున్నారు. రాసుకుని తలెత్తి నన్ను చూశారు. ఆ చూపుకి అర్థమేమిటో నాకు వారమంతా తెలియలేదు.

మొదటి రీలు భాయ్ దగ్గరే కడిగించాను. క్లాసు మధ్యలో నేనొక్కణ్ణే ధైర్యం చేసి చెరువు వైపు కూడా కొన్ని తీశాను. భాయ్ వాటిలో ఒకటి తీసి కౌంటరు మీద పెట్టి, “అన్నా, గీ చెరువు పక్కకు ఒరిగింది. గిట్లనే ఇంక జరంత ఒరిగితే నీళ్ళన్నీ సికింద్రాబాద్ దిక్కు కారిపోతయి,” అన్నాడు. మిగతావి సగం పాలలాగా తెల్లగా, సగం మా పుస్తకంలాగా నల్లగా వచ్చాయి. రెండో ఆదివారం స్టూడెంట్లు, వారంలో సొంతంగా తీసుకున్నవి కూడా కలిపి, వాళ్ళ ప్రింట్లు తెచ్చారు. కరీంనగర్ కుర్రవాడు ముప్ఫై ఆరు ఫోటోల్లోనూ తన బూటు ముందుభాగం వచ్చేలా తీశాడు. (పుస్తకంలో ‘ముందు భాగంలో ఆసక్తికరమైన వస్తువు ఒకటి ఉండాలి’ అని ఉంటే క్లాసు చివర్లో అదీ చెప్పాను. బూట్లు కొత్తవి.) బ్యాంకు మేడమ్ ఫోటోలు బాగున్నాయి. ఎందుకు బాగున్నాయో నాకు తెలియలేదు. “ఇందులో నేను ఏం కరెక్టుగా చేశాను సార్?” అని ఆవిడ అడిగితే, “అదే మీరు ఆలోచించాలి,” అని గంభీరంగా అన్నాను. ఆవిడ పాపం అరగంట ఆలోచించింది.

ఇంజనీరు గారి ఫోటోలు చూసి మాత్రం నేను నిజంగా తికమకపడ్డాను. ఒక్కటీ నల్లగా లేదు, ఒక్కటీ తెల్లగా లేదు. నీటి గీత దారం పట్టి గీసినంత తిన్నగా ఉంది. ప్రతి రాయీ లెక్కపెట్టుకోవచ్చు. అయినా చూస్తుంటే ఏదో ఆఫీసులో దరఖాస్తు చదువుతున్నట్టుంది. అన్నీ మధ్యలోనే ఉన్నాయి. పడవ మధ్యలో, దీపస్తంభం మధ్యలో, కొంగ మధ్యలో. ఇంత వచ్చిన మనిషి నా దగ్గరికి ఎందుకొచ్చినట్టు? ఆ వారమంతా ఆయన నన్ను ఎప్పుడు బయటపెడతారా అని ఎదురుచూస్తూ గడిపాను. నిద్రలో కూడా ఆయన పెన్ను తీసి ఏదో రాసుకుంటున్నట్టు కలలొచ్చేవి.

మూడో ఆదివారం మబ్బుగా ఉంది. మిగతా ఇద్దరూ ఇంకా రాలేదు. నేను కాలిబాట గోడ మీద కూర్చుని, వాళ్ళు వచ్చేలోగా ఆ రోజు పాఠం బట్టీ పడుతున్నాను. వెనక నుంచి ఇంజనీరు గారు ఎప్పుడొచ్చారో తెలియదు. నా భుజం మీదుగా పుస్తకంలోకి వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఒక డబ్బా మీద వేలు పెట్టారు.

“ఈ బొమ్మలో ఏముంది మాస్టారూ?”

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికి మూడు వారాలుగా చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉన్నాను. ఆయన అడిగిన తీరులో వెటకారం కూడా లేదు. “నాకు తెలియదండీ. నేనెప్పుడూ చూడలేదు,” అన్నాను. అంతటితో ఆగకుండా రూమ్మేటు రెజ్యూమె, డైరెక్టరు గారు, కర్నూలాయన, మా మావయ్య దుకాణంలో కుర్చీ అన్నీ ఏకరువు పెట్టాను. ఇంకో రెండు నిమిషాలైతే ఏడిచేవాణ్ణే.

ఆయన నవ్వలేదు. నా పక్కన గోడ మీద కూర్చుని, పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పారు. “అంటే, పోయిన వారం ఫోటోని మూడు భాగాలుగా ఊహించుకోమనీ, మనిషిని మధ్యలోంచి పక్కకి జరపమనీ ఈ బొమ్మలు చూడకుండానే చెప్పారన్నమాట,” అన్నారు.

“రాసి ఉందండీ. చదివి చెప్పాను.”

“అవి నాకు పనికొచ్చాయి,” అన్నారాయన. తర్వాత కాసేపు చెరువు వైపు చూస్తూ తన సంగతి చెప్పారు. ఆఫీసులో ఫోటో అంటే సాక్ష్యం. డ్యామ్ మధ్యలో లేకపోతే పైవాళ్ళు సంతకం పెట్టరు. నీడ పడితే పగులు కనపడదు కాబట్టి మిట్టమధ్యాహ్నమే తియ్యాలి. కొలత తెలియడానికి పక్కన ఒక మనిషి నిలబడాలి. “సెలవు రోజుల్లో వేరే మనిషి దొరక్క మా ఆవిణ్ణి నిలబెట్టేవాణ్ణి. ఆవిడ ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. అది కింద రాసేవాణ్ణి. మొన్న ఇల్లు మారుతుంటే పాత ఆల్బమ్ చూసి ఆవిడ ఒక మాట అంది. ‘ఇన్నేళ్ళలో నన్ను ఒక్క ఫోటో కూడా తియ్యలేదు, అన్నిటిలోనూ నేను స్కేలునే,’ అంది. తప్పేముందీ అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. అందుకని ఈ కోర్సులో చేరాను. నాకు నంబర్లు వచ్చు మాస్టారూ. ఎక్కడ నిలబెట్టాలో రాదు. చెయ్యి దానంతటదే మధ్యకి పోతోంది.”

నాకేమో ఎక్కడ నిలబెట్టాలో నోటికి వచ్చు, నంబర్లు రావు. ఇద్దరం కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. నేను చోటు చెప్పాలి, ఆయన నంబర్లు చెప్పాలి. నాలుగో ఆదివారం ఆవిణ్ణి తీసుకొస్తానన్నారు. ఆ మూడో ఆదివారం, మిగతా ఇద్దరూ వచ్చాక, ఆయనే వాళ్ళకి వెలుగు గురించి చెప్పారు. సూర్యుడికి ఎదురుగా నిలబడి కూడా తియ్యొచ్చనీ, కాకపోతే కన్ను ఎంత చిన్నది చెయ్యాలో తెలియాలనీ చెప్పారు. నేను వెనక నిలబడి నోట్సు రాసుకున్నాను. క్లాసులో అందరం కలిసి మొదటిసారి చెరువు వైపు తిరిగాం.

నాలుగో ఆదివారం ఇంజనీరు గారి భార్య ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతిలో ఇడ్లీల క్యారియరు పట్టుకుని వచ్చారు. నన్ను చూసి, “నువ్వేనా బాబూ మాస్టారివి? మా చిన్నాడికన్నా చిన్నవాడిలా ఉన్నావే,” అన్నారు. ఆకాశం ఆ రోజు శుభ్రంగా ఉంది. నీళ్ళ వాసన మాత్రం మామూలుగానే ఉంది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “వాసన ఫోటోలో పడదుగా,” అని భర్తని అడిగి తెలుసుకున్నారు. సూర్యుడు ట్యాంక్‌బండ్ మీదికి వచ్చేసరికి నీళ్ళ మీద వెలుగు పొడుగ్గా పరుచుకుంది. ఆ వెలుగు పది నిమిషాలకి మించి ఉండదని పుస్తకంలో ఉంది, ఆ ముక్క మాత్రం బొగ్గు కాకుండా బయటపడింది. నేను ఆవిణ్ణి ఎడమవైపు నిలబడమన్నాను. ఇంజనీరు గారు వెలుగు మొహం మీద పడాలంటే కుడివైపన్నారు. కుడివైపు నిలబడితే చూపు ఫోటో బయటికి పోతుందన్నాను. ఎడమవైపు నిలబడితే మనిషే కనపడదన్నారాయన. ఆవిడ రెండు అడుగులు ఇటు, మూడు అడుగులు అటు వేస్తూ, ముప్ఫై ఏళ్ళ అలవాటుకొద్దీ చేతులు శరీరానికి ఆనించి నిటారుగా నిలబడుతున్నారు.

“స్కేలులా వద్దే,” అన్నారాయన.

“మరి ఎలా నిలబడాలో మీ ఇద్దరూ ముందు ఒక మాట అనుకోండి. ఆ కెమెరా ఇలా తెండి. మీరిద్దరూ వెళ్ళి అక్కడ నిలబడి తేల్చుకోండి,” అన్నారావిడ. ఇంజనీరు గారు అప్పటికే నంబర్లు పెట్టి ఉంచిన భాయ్ కెమెరాని ఆవిడే నా చేతిలోంచి తీసుకున్నారు. మేం ఒడ్డు దాకా వెళ్ళి, నిజంగానే తేల్చుకోవడం మొదలుపెట్టాం. ఆయన సూర్యుడి వైపు చెయ్యి చూపిస్తున్నారు, నేను ఇంకెటో చూపిస్తున్నాను. వెనక నుంచి టక్కుమని ఒక చప్పుడు వినపడింది. మేం పట్టించుకోలేదు. తర్వాత ఆవిడ విసుగొచ్చి, మమ్మల్ని వదిలేసి, గోడ మీద ఒక చివర కూర్చుని నీళ్ళు చూస్తూ ఇడ్లీ తినడం మొదలుపెట్టారు. ఇంజనీరు గారు అది చూసి మాట మధ్యలో ఆపారు. తన కెమెరా తీసి, ఒకసారి నావైపు చూసి, చెయ్యి కాస్త పక్కకి జరిపి, ఒక్క ఫోటో తీశారు. ఆ రోజు ఇంకేమీ తియ్యలేదు.

రీలు కడిగిచ్చేటప్పుడు భాయ్ ఒక ప్రింటు పక్కకి తీసి పెట్టాడు. “గిదెవరు తీసిండ్రు?”

“ఏం భాయ్?”

“గిది నీది గాదు,” అన్నాడు. అందులో ఎడమ పక్క నేనూ ఇంజనీరు గారూ ఉన్నాం. ముఖాలు సగం చీకట్లో ఉన్నాయి, అంచుల మీద మాత్రం సన్నగా వెలుగు. వెనక నీళ్ళన్నీ మెరుస్తున్నాయి. కుడివైపు దూరంగా ఒక చిన్న పడవ. ఇంజనీరు గారి భార్యని అడిగితే, “ఆ పడవ ముద్దొచ్చింది బాబూ, అది కూడా పడుతుందని జరిగాను,” అన్నారు. జీవితంలో కెమెరా పట్టుకోవడం అదే మొదటిసారట. ఇంజనీరు గారు తన ప్రింటు కూడా చూపించారు. ఆవిడ ఒక మూల కూర్చుని ఉన్నారు, మిగతా అంతా నీళ్ళే. “నా పక్కన ఇంత ఖాళీ వదిలేశారేంటండీ?” అన్నారట ఆవిడ. “నువ్వు చూస్తున్నది అదే కదా,” అన్నారట ఈయన. ఆ మాట చెప్పి, ఇంజనీరు గారు ప్రింటుని నా చేతికివ్వకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

నా దగ్గర బాగా వచ్చిన ఫోటో ఆ ఒక్కటే. దాన్నే పెద్దది చేయించి రిసెప్షను గోడకి కొట్టాం. కర్నూలాయన వచ్చాడు. లోపలికి రాగానే దాని ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు.

“ఎవరు తీశారు?”

“మా ఫ్యాకల్టీయే సార్,” అన్నారు డైరెక్టరు గారు, నన్ను ముందుకి తోస్తూ.

ఆయన నావైపు చూశాడు, ఫోటో వైపు చూశాడు, మళ్ళీ నావైపు చూశాడు. “ఇందులో ఉన్నది ఈయనే కదా? ఆ ముక్కు ఈయనదే.”

డైరెక్టరు గారు రెప్ప కూడా వెయ్యలేదు. “టైమరు పెట్టి తీశాడు సార్,” అన్నారు.

నాకప్పుడు ఏమనిపించిందో ఇప్పుడు చెప్పలేను. ధైర్యమో, అలసటో. “కాదండీ. మా స్టూడెంటు భార్య తీశారు. ఆవిడ కోర్సులో చేరలేదు కూడా. ఒక్క రోజు ఊరికే వచ్చారు. అదే మొదటిసారి కెమెరా పట్టుకోవడం,” అన్నాను. డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు. మావయ్య దుకాణంలో ఎరువుల వాసన నా ముక్కుకి తగిలింది. కర్నూలాయన మాత్రం మళ్ళీ ఫోటో వైపు తిరిగి, నిదానంగా, “ఊరికే ఒక్క రోజు వచ్చినావిడే ఇట్లా తీసిందంటే, మీ టీచింగు గట్టిదే,” అన్నాడు. ఆ సాయంత్రమే కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. ఆయన ఎందుకు అలా అనుకున్నాడో నాకు అప్పుడూ అర్థం కాలేదు, తర్వాతా అర్థం కాలేదు. సరిదిద్దబోతే డైరెక్టరు గారు నా కాలు తొక్కారు.

ఏడాది తిరిగేసరికి కంపెనీలు మళ్ళీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టాయి. నాకు బేగంపేటలో ప్రోగ్రామరు ఉద్యోగం వచ్చింది. ఫోటో కోర్సు ఇంకో రెండు బ్యాచీలు నడిచి ఆగిపోయింది. వాటికి ఇంజనీరు గారే ఫ్యాకల్టీ. కరీంనగర్ కుర్రవాడు తను వెతుక్కుంటున్న సాఫ్ట్‌వేరు ఇంకో సందులో దొరికిందని ఒకసారి బస్టాపులో కనపడి చెప్పాడు.

ఆ ఫోటో చిన్న ప్రింటు ఒకటి నా బీరువాలో ఉంది. మొన్న మా అమ్మాయి ఏదో వెతుకుతూ దాన్ని బయటికి తీసింది. “నాన్నా, ఇది నువ్వా? ఇంత సన్నగా ఉన్నావేంటి?” అని నవ్వింది. తర్వాత దగ్గరగా పట్టుకుని చూసి, “ఆ చెయ్యి ఎత్తి ఏం చూపిస్తున్నావ్?” అంది. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఫోటోలో ఆ కుర్రవాడు నోరు తెరుచుకుని, చెయ్యి తిన్నగా చాపి, మొత్తం చెరువు తన మాటే వింటున్నంత నమ్మకంగా ఫోటో అంచు బయటికి ఎక్కడికో చూపిస్తున్నాడు. పక్కన పెద్దాయన అటు చూడను కూడా చూడటం లేదు. చాలాసేపు ఆలోచించాను కానీ అక్కడ ఏముండేదో గుర్తు రాలేదు.

“ఏమో తల్లీ,” అన్నాను. “వాణ్ణే అడగాలి.”